నురగ లేని చోటు

పిల్లల్ని తీసుకెళ్లడానికి ఏ బీచి బాగుంటుందని ఈ వేసవిలో మా ఆఫీసులో ఐదారుగురు నన్ను అడిగారు. పోయిన వేసవిలో నేను నాలుగు రోజులు సముద్రం ఒడ్డున తిరిగి వచ్చానని వాళ్లకి తెలుసు. అక్కడ ఏం జరిగిందో తెలీదు. నోటితో చెప్పబోతే సగంలో ఆపేస్తున్నాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను. సముద్రం చూడనివాళ్లు, ముఖ్యంగా మాలాగా కాలువ ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లు, ఇది చివరిదాకా చదవాలని నా కోరిక.

నాది ధవళేశ్వరం. ఇరవై రెండేళ్లుగా నీటిపారుదల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. డెల్టాలో ఏ కాలువ ఎక్కడ పుట్టి ఎక్కడ చీలుతుందో, ఏ మురుగు కాలువ ఎక్కడ కలుస్తుందో కళ్లు మూసుకుని గీయగలను. అందుచేత మా ఇంట్లో నీళ్లకి సంబంధించిన ప్రతి విషయానికీ నేనే పెద్దని. బావి ఎక్కడ తవ్వాలన్నా నన్నే అడుగుతారు. చెప్పొద్దూ, నాకూ ఆ పెద్దరికం ఇష్టమే.

మా తమ్ముడు దానియేలు తణుకులో బడిపంతులు. మా చెల్లెలి కుటుంబం కూడా అక్కడే. రెండిళ్లలో కలిపి ఆరుగురు పిల్లలు. వాళ్లలో ఒక్కరూ సముద్రం చూడలేదు. వేసవి సెలవుల్లో ఒక శనివారం వ్యాను మాట్లాడుకుని అందరూ వెళ్దామనుకున్నారు. ఎక్కడికి వెళ్లాలో అన్నయ్యే చూసి చెప్పాలన్నారు. శుభ్రంగా ఉండాలి, జనం తక్కువుండాలి, పిల్లలు దిగినా భయం లేకుండా ఉండాలి. ఆ చోటు వెతకడానికి నేనూ మా ఆవిడ రత్నం బుధవారమే బయల్దేరాం. నేను చెప్పిన చోటికి వాళ్లు శనివారం తెల్లవారకుండా బయల్దేరి నేరుగా వచ్చేస్తారు. దానియేలు ఇంట్లో ఫోను లేదు. ఎదురుగా ఉన్న మందుల షాపు నంబరు మాత్రం ఇచ్చాడు.

ఒక్క విషయం ముందే చెప్పాలి. మా ఊళ్లో పిల్లలకి నడక వచ్చిన రోజునుంచే ఒక మాట నూరిపోస్తారు: నురగ ఉన్నచోట దిగకు. ఆనకట్ట గేట్ల కింద నీళ్లు తెల్లగా నురగలు కక్కుతూ సుడులు తిరుగుతుంటాయి. అక్కడ పడ్డవాడు మళ్లీ కనపడడు. నీళ్లు నున్నగా, చప్పుడు లేకుండా ఉన్న రేవులో దిగాలి. మా అమ్మ నాకు చెప్పింది, నేను మా పిల్లలకి చెప్పాను. ఆ మాట వల్ల మా వీధిలో ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్కలేదు.

నరసాపురం

పాలకొల్లు దాటాక బస్సు కిటికీలోంచి చూస్తూ నేను నోరు తెరిచాను. మా మ్యాపుల్లో వరిచేలుగా ఉన్న భూమంతా చెరువులైపోయింది. రొయ్యల చెరువులు. మధ్యలో చక్రాలు గిర్రున తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. గట్ల మీద కాపలా పాకలు, పాకల మీద టీవీ యాంటెన్నాలు. నా బల్ల మీద ఇప్పటికీ అదంతా పచ్చరంగే. మ్యాపులో ఉన్నది భూమ్మీద లేకపోవడం నాకు అదే మొదటిసారి చూడటం. అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవలసింది.

నరసాపురంలో మా ఆవిడకి అక్క వరస అయిన మార్తమ్మ వదినగారింట్లో దిగాం. ఆ వీధిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లంతా అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతారు. చేతిలో చిన్న కొక్కెం సూది, ఒడిలో దారపుండ. మాటలు మాటలే, చేతులు చేతులే. ఆ గుడ్డలు ఓడలెక్కి ఎక్కడో చలిదేశాల్లో భోజనాల బల్లలెక్కుతాయట. ఒక గుడ్డ అల్లడానికి పట్టే రోజులు, దానికి ఈవిడ చేతికి వచ్చే డబ్బు విని నేను రెండోసారి అడిగాను. రెండోసారీ అదే చెప్పింది. మా ఊళ్లో పువ్వులు మాలకట్టే మనిషికి అంతకంటే ఎక్కువ గిడుతుంది.

రాత్రి మామిడికాయ వేసిన చేపల పులుసు పెట్టింది. రొయ్యలు పెట్టలేదేమని రత్నం వేళాకోళమాడితే, ఇక్కడ పండేవి ఇక్కడివాళ్లు తినేవి కావని, అవి కూడా ఓడెక్కుతాయని చెప్పి నవ్వింది. మా ప్రయాణం సంగతి విని మాత్రం నవ్వలేదు. ముప్పై ఏళ్లుగా సముద్రానికి ఇంత దగ్గర్లో ఉన్నా ఒక్కసారీ అందులో దిగలేదట.

"అది చూడ్డానికే గానీ దిగడానికి కాదండి మరిదిగారూ," అంది.

ఆడవాళ్ల భయం అనుకున్నాను. పైకి కూడా అన్నట్టున్నాను.

తెల్లవారుజామున సముద్రం

గురువారం సూర్యోదయం చూద్దామని అయిదింటికే ఆటో మాట్లాడుకుని దగ్గర్లో ఉన్న ఒక మత్స్యకారుల ఊరికి వెళ్లాం. ఊరి పేరు రాయను, వాళ్ల తప్పేమీ లేదు. సరుగుడు తోట దాటి ఇసకలోకి అడుగుపెట్టాం. అలల చప్పుడు విని రత్నం చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. చీకటి పలచబడింది. అలల అంచున వరసగా మనుషులు కూర్చుని ఉన్నారు. సముద్రం కేసి తిరిగి, ఎంత భక్తిగా కూర్చున్నారో అనుకున్నాను. ఇంకో పదడుగులు వేశాక ఎందుకు కూర్చున్నారో అర్థమైంది.

రత్నం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగిపోయింది. నేను ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాను. కాలు ఎక్కడ పెట్టాలో తెలీదు. అంతలో ఒకాయన లేచి, సముద్రంలో శుభ్రం చేసుకుని, లుంగీ సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"సూర్యుణ్ణి సూడ్డానికొచ్చారాండి? ఓ గంటాగి రండి బాబూ. పోటొచ్చి అంతా కడిగేత్తాది," అన్నాడు.

పెళ్లికి వచ్చిన చుట్టాన్ని భోజనాల పందిరి ఇంకా సిద్ధం కాలేదని కూర్చోబెట్టినంత మర్యాదగా చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయింది నేనే. వాళ్ల పాకల్లో మరుగుదొడ్డి ఎక్కడుంది? మా ఊళ్లో కాలవగట్టు ఏ మాత్రం తక్కువ? ఆ కాలవ నీళ్లే బిందెలతో పట్టుకెళ్లి పటిక వేసుకుని తాగుతాం. కాకపోతే మాది మాకు కంపు కొట్టదు. ఇవన్నీ తరవాత తోచాయి. అప్పుడు మాత్రం పరుగులాంటి నడకతో ఆటో దగ్గరికి వచ్చి పడ్డాం. ఆటోలో రత్నం భుజాలు మధ్యమధ్య కదిలాయి. ఏడుస్తోందేమోనని చూస్తే నవ్వుతోంది.

తోవలో ఒక మురుగు కాలువ సముద్రంలో కలిసేచోట ఆటో ఆపించాను. అలవాటు కొద్దీ దిగి చూశాను. నీళ్లు నల్లగా, బెల్లం పాకంలా చిక్కగా ఉన్నాయి. చచ్చిన చేపలు తెల్లగా పొట్టలు తిరగేసి తేలుతున్నాయి. ముక్కు పగిలిపోతోంది. గట్టు మీద రాయి ఉంది, రాయి మీద నంబరు. ఆ నంబరు నాకు తెలుసు. ఆ కాలువని నేను నా చేత్తో కనీసం పదిసార్లు గీశాను. చివర చిన్న బాణం గుర్తు పెట్టి, పక్కన అందమైన అక్షరాలతో 'సముద్రము' అని రాసేవాణ్ణి. అక్కడితో నా పని అయిపోయేది. బాణానికి అవతల ఏముంటుందో ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు. రొయ్యల చెరువులు వదిలేదీ, ఊళ్లు వదిలేదీ అంతా ఇక్కడికే వస్తోంది.

ఇక్కడ కూడా పిల్లల్ని దింపడం కుదరదని పుస్తకంలో రాసుకుని ముందుకు సాగాం.

పేరుపాలెం దాటాక

పేరుపాలెం వెళ్లేసరికి ఎండెక్కింది. జనం బాగానే ఉన్నారు. పుల్ల ఐసు, మరమరాల మిక్చరు, తాటి ముంజలు, గవ్వల దండలు. ముంజలమ్మే ఆవిడ బొటనవేలితో కాయ కంట్లో పొడిచి చేతికిస్తుంది, జుర్రుకోవాలి. మా రాజమండ్రిలో ఒలిచి, కడిగి, ఆకులో పెట్టి రెండింతలు పుచ్చుకుంటారు. ఇక్కడి రుచి అక్కడ లేదు. బాగుందే అనుకుంటుండగా ఒక ఆడమనిషి కుంటుకుంటూ వచ్చింది. పాదంలో గాజు పెంకు. ఎవరో తాగి సీసా పగలగొట్టి పోయారు. ఇసకలో అలాంటివి ఎన్నున్నాయో.

అందుకని జనాన్ని వదిలేసి పడమటి వైపు ఒడ్డు వెంట నడిచాం. అరమైలు నడిచాక ఇసక అద్దంలా శుభ్రంగా ఉంది. ఎర్ర పీతలు తప్ప ప్రాణి లేదు. దూరంగా రెండు పడవలు, వాటి నీడలో వలలు బాగుచేసుకునే మనుషులు. ఒక ముసలమ్మ ఎండుచేపలు ఆరబెడుతోంది. ఆవిడ పాక పక్కన మోకాలి లోతు గొయ్యి తవ్వి ఉంది. దాన్ని చెలమ అంటారు. అందులో ఊరిన నీళ్లు ముంతతో ఇచ్చింది. ఉప్పుగా ఉంటాయేమోనని భయపడుతూ నోట్లో పోసుకుంటే కొబ్బరి నీళ్లలా ఉన్నాయి. సముద్రానికి వంద అడుగుల దూరంలో మంచినీళ్లు! నేను అడిగి మళ్లీ తాగాను.

అక్కడే కనపడింది నేను వెతుకుతున్న చోటు. అటూ ఇటూ అలలు విరిగి నురగలు కక్కుతూ మీదికొస్తున్నాయి. మధ్యలో మాత్రం ఒక నలభై గజాల మేర అలే లేదు. నీళ్లు కొంచెం ముదురురంగులో, నున్నగా, మా రేవులో ఉన్నట్టే ఉన్నాయి. దేవుడు మా పిల్లల కోసం వేరే స్నానాల రేవు కట్టిపెట్టాడా అనిపించింది. నేను మోకాళ్ల దాకా దిగాను, నడుం దాకా దిగాను. ఏమీ కాలేదు. రత్నం చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని దిగి, చిన్నపిల్లలా నీళ్లు చిమ్మింది. పెళ్లయ్యాక ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను చూసింది తక్కువ.

ఒడ్డెక్కాక రత్నం ముసలమ్మ దగ్గర కాసేపు కూర్చుని వచ్చింది. తమవాళ్లు ఆ నడిమి చోట దిగరని ఆవిడ చెప్పిందట. అక్కడ చేపలు పడవు గనక దిగరేమోనన్నాను నేను. ఎందుకు దిగరో మళ్లీ వెళ్లి అడుగుదామా అంది రత్నం. నీళ్ల సంగతి నువ్వు నాకు చెప్పాలా అన్నాను. ఈ మాట ఇక్కడ రాయడం నాకు సులభంగా లేదు.

ఆ సాయంత్రం మార్తమ్మ వదినగారి అరుగు మీద కూర్చుని పటం గీశాను. నా డ్రాయింగు పెన్నులు, సిరా ఎక్కడికెళ్లినా నాతోనే ఉంటాయి. రోడ్డు, సరుగుడు తోట, వ్యాను ఆపాల్సిన చోటు, ముసలమ్మ పాక, చెలమ, అన్నీ కొలత ప్రకారం. నురగ ఉన్న రెండు వైపులా గీతలు కొట్టి 'నురగ వైపు పోరాదు' అని రాశాను. మధ్యలో ఎర్ర సిరాతో ఒక బాణం వేసి 'పిల్లలు ఇక్కడ దిగవలెను' అని రాశాను. మా సిరా నీళ్లలో వేసినా చెరగదు, కాగితం చిరిగినా అక్షరం ఉంటుందని వదినగారికి గొప్పగా చెప్పాను.

శుక్రవారం పొద్దున్నే వదినగారి భర్త జోసెఫ్‌గారు పనిమీద తణుకు వెళ్తూ ఆ పటం పట్టుకెళ్లారు. దానియేలు చేతికే ఇస్తానని, మర్నాడు గానీ తిరిగి రానని అన్నారు.

పంటు మీద

పని అయిపోయింది, ఇంక శనివారం దాకా ఖాళీ. గోదావరి వశిష్ఠ పాయ దాటి అంతర్వేది కూడా చూసి వద్దామన్నాను. నా చోటే మంచిదని రూఢి చేసుకోవాలని లోపల ఒక చిన్న కోరిక.

నరసాపురం రేవులో పంటు ఎక్కాం. రెండు పెద్ద పడవల్ని జతచేసి పైన చెక్కలు పరిచిన తెప్ప అది. మనుషులు, సైకిళ్లు, మోటారు సైకిళ్లు, ఒక జీపు, రెండు గేదెలు. మా దగ్గర గోదావరిని ఆనకట్ట మీద నిలబడి పైనుంచి చూస్తాం, గేట్లు ఎత్తితే కదులుతుంది, దించితే ఆగుతుంది. ఇక్కడ దాన్ని ఎవరూ ఆపడం లేదు. నీళ్లు పైకి పోతున్నాయి! సముద్రం పోటు మీద ఉందట, నది వెనక్కి నడుస్తోంది. నది వెనక్కి నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. పక్కనున్న గేదెల ఆసామికి అందులో వింతేమీ కనపడలేదు.

అంతర్వేది ఒడ్డున

గుడి దాటి, లైటుహౌసు వైపు ఒడ్డు వెంట నడిచాం. అక్కడ పాతికమంది మగవాళ్లు రెండు జట్లుగా విడిపోయి సముద్రంలోంచి పెద్ద వలని తాళ్లతో ఒడ్డుకి లాగుతున్నారు. పాటకి తగ్గట్టు అడుగు వెనక్కి వేస్తూ లాగుతారు. తాడు చుట్టలు వేస్తున్న ఒక పెద్దాయన దగ్గర నిలబడ్డాం. పేరు వెంకన్న. డెబ్బై ఉంటాయి, చేతులు మాత్రం ఇనపముక్కలు. ఎవరండీ, ఏ ఊరండీ అయ్యాక, నేను ఉండబట్టలేక నా చోటు గురించి చెప్పాను. రెండు పక్కలా అలలు, మధ్యలో నున్నటి నీళ్లు, రేపు మా పిల్లలు ఆరుగురు అక్కడ దిగుతున్నారు, పటం కూడా గీసి పంపించానని చెప్పాను.

ఆయన చుడుతున్న తాడు కింద పడేశాడు.

"ఆ నడిమి చోటే దిగమన్నారాండి?"

అవునన్నాను. ఆయన అక్కడే గొంతుక్కూర్చుని వేలితో ఇసకలో గీశాడు. నేను జీవితంలో ఎన్నో పటాలు చూశాను, అంత స్పష్టమైనది చూడలేదు.

"అలొచ్చి ఇరిగిందంటే కింద ఇసక మెట్టుందన్న మాటండి. నడుం లోతే. ఇరగలేదంటే కింద గొయ్యి. ఇటూ అటూ ఇన్నేసి నీళ్లు ఒడ్డుకొత్తన్నాయి గదండి, మరి తిరిగి ఏ దారినెల్తాయి? ఆ నడిమి దారినేనండి. పోటు మీద ఏమీ తెలీదు. పాటొచ్చినప్పుడు మనిషిని పట్టుకుపోద్ది."

పోటంటే సముద్రం ఎక్కడం, పాటంటే దిగడం. నేను గురువారం దిగింది పోటు మీద.

ఎవరైనా చిక్కుకుంటే ఏం చెయ్యాలని రత్నం అడిగింది. ఒడ్డుకేసి ఎదురీదకూడదని, ఒడ్డు వెంబడి పక్కకి, నురగ ఉన్న వైపు పోవాలని, నురగే మనిషిని తెచ్చి ఒడ్డున పడేస్తుందని చెప్పాడాయన. చదివేవాళ్లు ఈ ఒక్క ముక్క కంఠస్థం చెయ్యండి.

ఆయన చెప్పింది అర్థం కాకపోతే కొంచెం తేలిగ్గా ఉండేదేమో. ఇరవై రెండేళ్లుగా నేను గీస్తున్నది అదే. వచ్చిన నీరు పోవడానికి దారి ఉండాలి, ప్రతి కాలువకీ ఒక మురుగు కాలువ ఉండాలి. ఆ నున్నటి నీళ్లు సముద్రం మురుగు కాలువ. నేను దాని నోట్లోకి ఎర్ర సిరాతో బాణం వేసి మా పిల్లల్ని దిగమని రాశాను. ఒకవేళ పట్టుకుపోయినా ఏ నురగలోకి పోతే బతుకుతారో, ఆ నురగ వైపు పోవద్దని కూడా రాశాను. మా అమ్మ చెప్పిన మాటే రాశాను. అక్కడే ఇసకలో కూర్చుండిపోయాను. రత్నం నా భుజం పట్టుకుని లేపింది. తిట్టలేదు. లేవండి, పోదాం అంది.

పొద్దున పంటు దిగిన సఖినేటిపల్లి రేవుకి వచ్చేసరికి పంటు అవతలి ఒడ్డున ఉంది. నైరుతి మూల నల్లగా కమ్మింది. పావుగంటలో గాలివాన మొదలైంది. కొబ్బరి చెట్లు నేలకి వంగుతున్నాయి, రేవులో బడ్డీ కొట్టు రేకు లేచిపోయింది. గాలి తగ్గాక కూడా నది శాంతించలేదు, పంటు ఈ రోజుకి లేదన్నారు. నాటుపడవల వాళ్లు డబ్బులెన్నిచ్చినా పడవ దించేది లేదన్నారు. ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తాను. మందుల షాపు నంబరు తిప్పితే చెవిలో చప్పుడే లేదు, లైన్లు పడిపోయాయట. రాజోలు మీదుగా చుట్టు తిరిగి పోదామంటే రోడ్డు మీద చెట్లు పడి బస్సులు ఆగిపోయాయి. ఎదురుగా నరసాపురం దీపాలు కనపడుతున్నాయి. మధ్యలో గోదావరి. నా బతుకంతా ఈ నదిని గేట్లతో, గీతలతో లొంగదీశానని అనుకునేవాణ్ణి.

ఆ రాత్రి రేవు పక్కన ఒక చర్చి వరండాలో గడిపాం. ప్రార్థన చేశానా అంటే చేశాను. ఆరు పేర్లు ఒకదాని తరవాత ఒకటి పలికాను.

శనివారం

ఆరింటికి మొదటి పంటులో దాటాం. ఆటో అతనికి సంగతి చెబితే అతను ఇంకేం అడక్కుండా తోలాడు. దారి పొడుగునా కొమ్మలు పడున్నాయి. తణుకు వ్యాను నాలుగింటికి బయల్దేరితే ఏడుకల్లా వచ్చేస్తుంది, కొమ్మల వల్ల కొంచెం ఆలస్యం కావచ్చు, టిఫిను తినడానికి ఆగి ఉండొచ్చు అని లెక్కలు వేస్తూనే ఉన్నాను.

సరుగుడు తోట పక్కన వ్యాను ఉంది. నేను ఆపమని గీసిన చోటే, గజం తేడా లేకుండా ఆగి ఉంది. లోపల ఎవరూ లేరు. సీట్ల మీద పిల్లల చెప్పులు.

ఇసకలో పరిగెత్తాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, బూట్లతో, పడుతూ లేస్తూ పరిగెత్తాను. ముసలమ్మ పాక దగ్గర జనం గుంపుగా ఉన్నారు. మా చెల్లెలు ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆ ఏడుపు విన్నాక ఆ పాక దాకా ఎలా వెళ్లానో నాకు గుర్తులేదు.

ముందు పిల్లల్ని లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. నిలబడి ఉన్నారు. ఆరో పిల్ల సలోమి, దానియేలు కూతురు, తొమ్మిదేళ్లది, ముసలమ్మ ఒళ్లో పడుకుని ఉంది. ఎండుచేపలు ఆరబెట్టే గోనెపట్టా కప్పారు. పెదాలు నీలంగా ఉన్నాయి. దగ్గుతోంది. దగ్గుతోందంటే బతికుందని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

జరిగింది తరవాత తెలిసింది. అందరికంటే ముందు సలోమే దిగింది. నడుం లోతులో నిలబడి చెయ్యూపుతుండగానే చూస్తూ చూస్తూ లోపలికి పోయింది. దానియేలు దూకాడు. వాడు గోదావరి ఈదినవాడు, అయినా తిన్నగా ఒడ్డుకేసి ఈదుతూ ఉన్నచోటే ఉండిపోయాడు. పడవల నీడలో వలలు బాగుచేసుకునే ఇద్దరు అన్నదమ్ములు చూశారు. వాళ్లు ఆ నడిమి నీళ్లలోకే దూకి, ఇద్దర్నీ పట్టుకుని, ఒడ్డుకేసి కాకుండా పక్కకి ఈడ్చుకుపోయారు. నురగలోకి చేరాక అలే వాళ్లని తెచ్చి ఇసకలో వేసింది. ఆ అన్నదమ్ములకి దణ్ణం పెడితే వాళ్లు ఇబ్బందిపడిపోయారు. ఆయ్, ఊరుకోండి అన్నారు.

రత్నం ముసలమ్మ పక్కన కూర్చుని సలోమి కాళ్లు అరచేతులతో రుద్దుతోంది. ముసలమ్మ నన్ను చూసింది. గురువారం తను చెప్పిన మాట గుర్తుచేస్తుందని ఎదురుచూశాను. ముంతలో చెలమ నీళ్లు ఇచ్చింది.

దానియేలు దూరంగా ఇసకలో కూర్చుని ఉన్నాడు. వాడి చొక్కా జేబులోంచి నా పటం బయటికి కనపడుతోంది. నేను తీసి విప్పాను. ఉప్పునీళ్లలో నానిన కాగితం మడతల దగ్గర నాలుగు ముక్కలైంది. రోడ్డు ఉంది, తోట ఉంది, చెలమ ఉంది. ఎర్ర బాణం ఒక్క చుక్క కూడా చెదరలేదు.

నేను సలోమి దగ్గర కూర్చున్నాను. క్షమించమని అడగబోయాను. అది కళ్లు తెరిచి నన్ను చూసింది. నేను కోప్పడటానికి వచ్చాననుకున్నట్టుంది. గోనెపట్టాలోంచి చెయ్యి బయటికి తీసి, నా చెయ్యి పట్టుకుని, దగ్గుల మధ్య మెల్లిగా చెప్పింది.

"మీరు రాసినట్టే దిగాను పెదనాన్నగారూ. బాణం దగ్గరే ఉన్నాను. నురగ వైపు అస్సలు పోలేదు."